తాకట్టులోనికి పోయిన కప్పు: వెస్ట్ ఆక్లాండు గ్రామ ఫుట్‌బాలు క్లబ్బు



లిప్టను తేయాకు పొట్లములు మన తెలుగు ఇండ్లలోనికి వచ్చి చేరి చిరకాలమైనది. ఆ పేరుగల మనుష్యుడొకడు నిజముగా నుండెననియు, ఆతడు బహూకరించిన ఒక కప్పును ఇంగ్లండు ఉత్తరభాగమునందలి ఒక పల్లెటూరి బొగ్గుగని కార్మికులు ఇటలీదేశమునకు పోయి రెండుమారులు గెలిచి తెచ్చుకొనిరనియు ఎరిగినవారు మాత్రము మనలో మిక్కిలి అరుదు. ఆ పల్లెపేరు వెస్ట్ ఆక్లాండు. ఆ ఊరి ఫుట్‌బాలు క్లబ్బు చరిత్రమును నేడు మీకు వినిపింపదలచితిని. గెలిచిన కథ వినుటకు సొంపైనదే. అయినను, గెలిచినదానిని అప్పుకింద వదలుకొని, దాదాపు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట గ్రామస్థులే సొమ్ము కూర్చి దానిని తిరిగి ఇంటికి తెచ్చుకొన్న కథ అంతకంటె గొప్పదని నా నమ్మకము.

ఇంగ్లండు ఈశాన్యభాగమున డర్హము అను కౌంటీ కలదు. అందు బిషప్ ఆక్లాండు పట్టణమునకు సుమారు మూడుమైళ్ల దూరమున, గాన్‌లెస్ అను చిన్న ఏటిచెంత, నడుమ విశాలమైన పచ్చికబయలుతో ఈ పల్లె నెలకొనియున్నది. ఆవిరియంత్రములతో నడచిన తొలి ప్రజారైలుమార్గమని చరిత్రకారులు చెప్పు స్టాక్‌టన్-డార్లింగ్‌టన్ మార్గము 1825 సెప్టెంబరు 27వ తేదీన తెరువబడినపుడు, కొండదాటి దిగివచ్చిన బొగ్గుబండ్లు ఈ పల్లెచేరువనుండియే సాగిపోయెను. ఆ మార్గపు ఇంజనీరు జార్జి స్టీఫెన్‌సన్ గాన్‌లెస్ ఏటిమీద కట్టించిన చిన్నవంతెన, రైలుకొరకు నిర్మింపబడిన తొలి ఇనుపవంతెనలలో నొకటిగ నేటికిని ప్రసిద్ధము. బొగ్గే ఆ ప్రాంతమునకు అన్నము పెట్టినది. బొగ్గే అక్కడి మగవారి ఆయువును హరించినది. ఇల్లెందు, కొత్తగూడెము, బెల్లంపల్లి ఎరిగిన మన శ్రోతలకు గనిఊరి బ్రతుకు ఎట్టిదో వివరింపనక్కరలేదు. షిఫ్టువెంట షిఫ్టుగా దినము విభజింపబడును. భూగర్భమునకు దిగినవాడు సురక్షితముగ పైకి వచ్చువరకు ఇంటిలో ఎవరికిని స్థిమితముండదు. పైకి వచ్చినవానికి వెలుతురు, గాలి, విశాలమైన బయలు, వీనియందు కలుగు ఆపేక్ష ఇతరుల కూహింపశక్యము కానిది. డర్హము గనిఊళ్లలో ఫుట్‌బాలు అంత గాఢముగ వేరూనుటకు ఈ ఆపేక్షయే ముఖ్యకారణమని నేను తలంచుచున్నాను.

వెస్ట్ ఆక్లాండు క్లబ్బు పుట్టిన సంవత్సరము 1893. అప్పటికి ఇంగ్లండున ఫుట్‌బాలు రెండు పాయలుగ చీలియుండెను. జీతము పుచ్చుకొని ఆడుట 1885లో ధర్మసమ్మతమాయెను. 1888లో పన్నెండు క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగును స్థాపించెను. ఆ మహాలీగునకు వెలుపల నున్న వేలకొలది చిన్నక్లబ్బులనే ఆ దేశమువారు నాన్-లీగు క్లబ్బులందురు. వానికిని తమ తమ లీగులు కలవు. డర్హము ప్రాంతమునకు చెందిన నార్దర్న్ లీగు 1889లో ఏర్పడినది. ప్రపంచమున నేటికిని జీవించియున్న ఫుట్‌బాలు లీగులలో ప్రాచీనతనుబట్టి దానిది రెండవ స్థానము. అందలి క్లబ్బులు బహుకాలము అమెచ్యూరు క్లబ్బులు, అనగా ఆటకు జీతము పుచ్చుకొననివి. వారమంతయు గనిలో పనిచేసి, శనివారము మధ్యాహ్నము బూట్లు తొడిగి, ఆట ముగిసినపిదప మరల పనిబట్టల కడకు పోవువారే ఆ క్లబ్బుల ఆటగాండ్రు. ఈ లీగునందు బిషప్ ఆక్లాండు, క్రూక్ టౌన్ వంటి పేరుమోసిన జట్టులుండెను. అమెచ్యూరు క్లబ్బుల జాతీయపోటీయగు అమెచ్యూరు కప్పును బిషప్ ఆక్లాండు పదిమారులును, క్రూక్ టౌన్ అయిదుమారులును గెలిచినవి. అట్టి ఇరుగుపొరుగువారి నడుమ వెస్ట్ ఆక్లాండు, ఆ కాలమున, గొప్పగా చెప్పుకొనదగిన జట్టు కాదు.

ఇక సర్ థామస్ లిప్టను మాట. ఆతడు 1848లో గ్లాస్గో నగరమున పేదయింట పుట్టి, పసితనముననే చదువు చాలించి, అమెరికాకు పోయి కూలిపనులు చేసి, తిరిగివచ్చి 1871లో చిన్న కిరాణాదుకాణము తెరచి, దానిని దేశమంతట శాఖలుగల వర్తకముగ పెంచినవాడు. సింహళద్వీపమున కాఫీతోటలు తెగులుచే నశించి భూములు చౌకయైన వేళ, 1890లో అచ్చటికి పోయి తోటలు కొని, తేయాకును దళారులు లేకుండ తన దుకాణములకు చేర్చి అపారధనము గడించెను. ఆ ధనము వెనుక, దక్షిణభారతమునుండి సముద్రముదాటి పోయి, కొండవాలులలో ఆకు గిల్లిన కూలీల శ్రమ కలదు; వారిలో అత్యధికులు తమిళులు. కప్పును గురించి చెప్పు గ్రంథములలో వారి ప్రసక్తి నాకు కానరాలేదు గనుక ఇక్కడ చెప్పుచున్నాను. భూమిలోపల ఒక శ్రామికజనము, కొండమీద మరియొక శ్రామికజనము: ఒకరినొకరు ఎన్నడును చూడని ఈ రెండు జనములను కలిపిన వస్తువు ఆ కప్పు.

లిప్టను క్రీడాప్రియుడు. అమెరికా కప్పు అను ఓడపందెమునకు 1899 మొదలు 1930 వరకు అయిదుమారులు పోయి, అయిదుమారులును ఓడి, ఆ ఓటమిని స్వీకరించిన మర్యాదచేతనే లోకప్రీతి సంపాదించినవాడు. ఇటలీదేశమువారు తన కొసగిన బిరుదునకు ప్రతిగా ఆతడీ ఫుట్‌బాలు కప్పును ఇచ్చెనందురు. 1909 ఏప్రిలునందు టూరిన్ నగరమున పోటీ నిర్ణయమాయెను. ఇటలీ, జర్మనీ, స్విట్జర్లండు జట్టులు సిద్ధమైనవి. ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘము (ఎఫ్.ఏ.) వారు మాత్రము తమ పక్షమున ఎవరిని పంపుటకును నిరాకరించిరి. ఆటను కనిపెట్టిన దేశమువారు ఇతరులతో పోటీకి దిగుట ఏమిటన్న దర్పము ఆ సంఘమునందు చాలకాలము వర్ధిల్లినది. ప్రపంచకప్పు పోటీలు 1930లో ఆరంభమైనను ఇంగ్లండు అందు ప్రవేశించినది 1950లోనే యని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఆ దర్పము ఎంతటిదో తెలియగలదు.

అట్టి సమయమున ఆహ్వానము వెస్ట్ ఆక్లాండునకు ఎట్లు వచ్చెను? ఇందుకొక ప్రచారకథ కలదు. లండనులోని వుల్విచ్ ఆర్సెనల్ క్లబ్బును పిలువనుద్దేశించి, గుమాస్తా ఎవడో పేరులోని డబ్ల్యు, ఏ అను పొడియక్షరములను చూచి భ్రమపడి, ఆ అక్షరములే గల వెస్ట్ ఆక్లాండునకు జాబు పంపెనట! ఈ కథ లోకమున మిక్కిలి వ్యాపించినది. నేను దీనిని విశ్వసింపను. ఆర్సెనల్ జీతగాండ్ర జట్టు; ఈస్టరు పండుగదినములు ఇంగ్లండు లీగుపోటీలు ముమ్మరముగ జరుగు దినములు; అట్టివేళ ప్రథమశ్రేణి క్లబ్బు ఆటలు మానుకొని ఇటలీకి పోవుట అసంభవము. అంతకంటె బలమైన హేతువు మరియొకటి: రెండేండ్ల తరువాత ఇదే పల్లెజట్టు మరల టూరిన్‌కు పోయినది, అపుడు పొరపాటు పడుట కెవరికిని అవకాశము లేదు. పేదవానికి గౌరవము లభించినచో అది ఎవరి పొరబాటువలననో లభించియుండవలెనని తలంచువారి మనస్సులోనే ఇట్టి కథలు పుట్టును.

1909 ఫిబ్రవరి 16వ తేదీన డర్హము కౌంటీయందే వెస్ట్ స్టాన్లీ గనిలో ప్రేలుడు సంభవించి 168 మంది పెద్దలును పిల్లలును మృతినొందిరి. రెండు మాసములైన గడువకమునుపే, అట్టి గనులలోనే పనిచేయు యువకులు, పనిదినముల కూలి కోలుపోయి, (కొందరు ఇంటిసామాను సైతము అమ్ముకొని దారిఖర్చు సమకూర్చుకొనిరని చెప్పుదురు) సముద్రముదాటి, రైళ్లెక్కి, భాష తెలియని దేశమునకు బయలుదేరిరి. వారి నాయకుడు బాబ్ జోన్స్. ఏప్రిలు 11, ఈస్టరు ఆదివారము: స్టట్‌గార్టు నగరపు స్పోర్ట్‌ఫ్రాయిండె జట్టుపై రెండు గోలులతో గెలుపు. మరునాడు అంత్యపోటీ: స్విస్సుదేశపు వింటర్‌తూర్ జట్టుపై మరల రెండు గోలులతో గెలుపు. రెండాటలయందును ప్రత్యర్థులకు ఒక్క గోలైనను దక్కలేదు. ఆదివారము ఫుట్‌బాలాడుట ఆ దినములలో ఇంగ్లండునందు నిషిద్ధము. ప్రార్థనామందిరముల పలుకుబడి మిక్కుటముగ నున్న గనిఊరి బిడ్డలు పండుగ ఆదివారమునాడు పరదేశమున బంతి నాడి గెలిచి వచ్చుట, వారి తల్లులకు ఎట్లు తోచెనో!

గెలిచినవారు కప్పును నిలుపుకొనుటకు మరల పోవలసియుండెను. 1911 ఏప్రిలు 16న జూరిచ్ జట్టును రెండు గోలులతో ఓడించి, 17న అంత్యపోటీలో టూరిన్ నగరపు స్వంతజట్టగు యువెంటస్‌ను, దానిగడ్డమీదనే, ఆరింటికి ఒకటిగ ఓడించిరి. యువెంటస్ అనగా నేడు ఐరోపాఖండమున సుప్రసిద్ధమైన సంపన్నమైన క్లబ్బులలో నొకటి. రెండుమారులు వరుసగ గెలిచినందున కప్పు శాశ్వతముగ పల్లెవారిదాయెను. ఆ జట్టులో ఆడిన డేవిడ్ థామస్ అను గనికార్మికుని మనుమడు, వెస్ట్ ఆక్లాండుననే పెరిగిన డేవ్ థామస్, 1974-75 సంవత్సరములలో ఇంగ్లండు దేశపుజట్టు పక్షమున ఎనిమిది ఆటలాడెను.

ఈ లిప్టను కప్పు పోటీని మొదటి ప్రపంచకప్పు అని ఆ ప్రాంతమువారు సగర్వముగ చెప్పుకొందురు. ఊరి సరిహద్దు దాటినవారును ఆ మాటనే వల్లించుచుందురు. సత్యము చెప్పవలెనన్నచో, నాలుగు జట్టులు చేరిన పోటీకి ప్రపంచకప్పను పేరు పెద్దదగును. టూరిన్ నగరముననే అంతకు మునుపటి ఏడు, 1908లో, ఇట్టి అంతర్జాతీయ పోటీ యొకటి జరిగి, జెనీవాకు చెందిన సెర్వెట్ జట్టు గెలిచియుండెను. కాబట్టి మొదటిది యనుటయు సరికాదు. కాని ఆ పెద్దపేరు తీసివేసినను వెస్ట్ ఆక్లాండువారి ఘనతకు ఇసుమంతయు లోపము లేదు. రెండు ఈస్టరు పండుగలలో నాలుగాటలాడి, పండ్రెండు గోలులు వేసి, ఒక్కటి మాత్రమే వేయించుకొన్న గనికూలీల జట్టునకు అరువుకిరీటము అవసరము లేదు.

ఇంతవరకు జయము; ఇటుపై అప్పు. ఇంటికి చేరుసరికి క్లబ్బు బొక్కసము శూన్యము. ప్రయాణపుఖర్చులు తీర్చు దారి కానక, ఊరిలోని వీట్‌షీఫ్ హోటలు యజమానురాలివద్ద 40 పౌండ్లు తీసికొని, ఆ కప్పును ఆమెకు కుదువపెట్టిరి. అచిరకాలముననే ఆ క్లబ్బు లీగునుండి వైదొలగెను. తరువాత వెస్ట్ ఆక్లాండు టౌన్ అను పేరుతో మరల రూపొందినది. ఐరోపాలో తమకు సాటిలేదనిపించుకొన్న జట్టు స్వగ్రామమున నలువది పౌండ్లకు కుదువకు పోవుట! కమిటీవారిని ఇందుకు నిందించుట నాకిష్టము లేదు. పల్లెక్లబ్బు ఆదాయము ఎట్టిదో చూడుడు: ద్వారముకడ వసూలగు చిల్లర, లాటరీచీట్లమీద మిగులు, టీకొట్టు రాబడి, ఊరి వర్తకుడెవడైన దయతో ఇచ్చు చందా. బంతులు, బట్టలు, బండికూలి, మైదానపు అద్దె, రిఫరీ రుసుము, ఇవి మాత్రము గెలిచినను ఓడినను తప్పనివి. గెలిచినకొలది దూరప్రయాణములు పెరిగి ఖర్చు హెచ్చును. చిన్నక్లబ్బునకు విజయమే యొక్కొక్కప్పుడు ఆపద యగుట వెస్ట్ ఆక్లాండు చరిత్రమున స్పష్టముగ కానవచ్చును.

అయినను క్లబ్బు బ్రతికినది. ఇట్టి క్లబ్బు నెవరు బ్రతికింతురు? శనివారము ప్రొద్దుట వచ్చి గీతలకు సున్నము పూయువాడు, బురదబట్టలు ఇంటికి తీసికొనిపోయి ఉతికి తెచ్చు ఇల్లాలు, వానలో ద్వారముకడ నిలిచి టిక్కెట్టు చింపు విశ్రాంత కార్మికుడు, రాత్రి దీపము పెట్టుకొని మినిట్స్ పుస్తకము వ్రాయు కార్యదర్శి. వీరికి జీతములు లేవు. పత్రికలలో పేర్లు పడవు. గోలు వేసినవాని పేరు చరిత్రలో నిలుచును. గోలుస్తంభము పాతినవాని పేరు నిలువదు. క్లబ్బు చరిత్ర వ్రాయువారు మొదట స్మరింపవలసినది ఇట్టివారినే.

ఊరే అంతరించినచో క్లబ్బు నిలుచుట దుర్లభము. డర్హము కౌంటీ అధికారులు 1951లో తయారుచేసిన ప్రణాళికలో, గనులు మూతపడుచున్న నూటికి పైబడిన పల్లెలను డి వర్గమున చేర్చి, వానియందు ఇకమీదట కొత్త ఇండ్లు కట్టింపక, కాలక్రమమున వాని నట్లే క్షీణింపనిచ్చుటకు నిశ్చయించిరి. కాగితముమీద అది లెక్కప్రకారము సబబుగ తోచియుండవచ్చును. కాని ఊరు ఇండ్ల సముదాయము మాత్రమే కాదు గదా! వీధులకు వీధులు పడగొట్టబడుచుండగా, ఆ ఊళ్ల ఫుట్‌బాలు జట్టులు ఎన్నియో దిక్కులేనివైనవి.

ఆ దశాబ్దము ముగియు వేళనే వెస్ట్ ఆక్లాండునకు మంచిదినములు వచ్చుట విశేషము. 1959-60లోను, 1960-61లోను వరుసగ నార్దర్న్ లీగు ఛాంపియనులైరి. 1961లో అమెచ్యూరు కప్పు అంత్యపోటీకి చేరి, లండనునందలి వెంబ్లీ మైదానమున వాల్తమ్‌స్టో ఎవెన్యూ జట్టుచేతిలో రెండింటికి ఒకటిగ ఓడిరి. ఈ విజయముల నడుమ, 1960లో, గ్రామస్థులకు తమ పాతకప్పు మరల జ్ఞప్తికి వచ్చెను. హోటలు యజమానురాలు లివర్‌పూలు నగరమున నున్నదని తెలిసికొని, ఆమెను వెదకి, 100 పౌండ్లు సమకూర్చి ఇచ్చి, కప్పును విడిపించుకొని వచ్చిరి. 1911లో గెలిచినవారిలో అప్పటికి సజీవులుగ నుండినవారెందరైనను, ఆ సొమ్ము పోగుచేసినవారిలో పలువురు ఆ ఆటలను చూడనివారే, కొందరు అప్పటికి పుట్టనివారే. తాము గెలువని కప్పునకు తాము పడని అప్పు తీర్చిరి! నా బుద్ధికి తోచినంతలో ఈ క్లబ్బు చరిత్రలో మహోన్నతమైన ఘట్టమిదియే; యువెంటస్‌పై వేసిన ఆరుగోలులును దీనితరువాతివే.

కప్పును ఊరిలోని శ్రామికుల క్లబ్బుభవనమున అందరికి కనబడునట్లు ఉంచిరి. 1974లో ఇంగ్లండు సంఘమువారు అమెచ్యూరు, వృత్తిక్రీడాకారుడు అను భేదమును రద్దుచేసిరి. అమెచ్యూరు కప్పు నిలిచిపోయి, చిన్నక్లబ్బులకొరకు ఎఫ్.ఏ. వాజ్ అను పోటీ ఏర్పడినది. 1982లో ఈ కథ టెలివిజను చిత్రముగ వచ్చెను. బాబ్ జోన్స్ పాత్రను డెనిస్ వాటర్‌మన్ ధరించెను. 1993 డిసెంబరునందు డర్హము బొగ్గుగనులలో కడపటిదైన మంక్‌వేర్‌మత్ మూతపడెను. సరిగా మరుసటి నెలలో, 1994 జనవరిలో, వెస్ట్ ఆక్లాండు భవనమునుండి కప్పును దొంగలు ఎత్తుకొనిపోయిరి. నేటికిని అది దొరకలేదు. కుదువపెట్టినదానిని విడిపించుకొనవచ్చును, దొంగిలింపబడినదానికొరకు ఎవరిని వేడవలెను? గనియు కప్పును ఒకదానివెంట నొకటి పోయిన ఆ శీతకాలము ఆ పల్లెకు ఎంతటి క్లేశకరమో ఊహింపవచ్చును. వారు మాత్రము ఊరకుండక, అచ్చముగ అట్టి ప్రతిరూపమును చేయించి, ఆ స్థానముననే ఉంచుకొనిరి.

తరువాతి కథను సంగ్రహముగ చెప్పెదను. 1998లో ఎఫ్.ఏ. కప్పు మొదటి రౌండునకు చేరి, యోవిల్ జట్టుతో సమానముగ ఆడి, రెండవమారు జరిగిన ఆటలో పెనాల్టీలవలన ఓడిరి. 2009లో శతవార్షికోత్సవ సందర్భమున మరల టూరిన్‌కు పోయి యువెంటస్ యువజట్టుతో ఆడి ఓడిరి. 2012లోను, 2014లోను ఎఫ్.ఏ. వాజ్ అంత్యపోటీలకై వెంబ్లీకి పోయి, మొదట డన్‌స్టన్ జట్టుచేతను, పిదప షోలింగ్ జట్టుచేతను పరాజయము పొందిరి. 1961తో కలిపి మూడుమారులు వెంబ్లీ, మూడుమారులును ఓటమి. అన్నివేళలను ఊరు వెంట పోయినది. 2013లో గ్రామపు పచ్చికబయలున, గనికార్మికుని, ఫుట్‌బాలాటగానిని ఒక్కచోట చూపు కంచువిగ్రహము ప్రతిష్ఠింపబడినది.

బ్రిటనుదేశమున నివసించు తెలుగువారు నేడు వేలసంఖ్యలో కలరు. ఈ ప్రసంగమును వారిలో కొందరైన విందురని ఆశింతును. వారికొక్క మనవి. టెలివిజనులో కనబడు మహాజట్టుల ఆటలు చూచుట మానుకొమ్మని నేననను. కాని వీలుపడిన ఒక శనివారమున బిషప్ ఆక్లాండు దారిపట్టి, వెస్ట్ ఆక్లాండున డార్లింగ్‌టన్ రోడ్డు మైదానమునకు పోయి, మధ్యాహ్నము మూడుగంటలకు ఆరంభమగు నార్దర్న్ లీగు ఆటను, ద్వారముకడ టిక్కెట్టు కొని, చూడుడు. విరామవేళ అక్కడి కొట్టులో ఒక టీ కొని త్రాగుడు. ఆ క్లబ్బు 1893 నుండి నేటివరకు జీవించుచున్నది అట్టి చిల్లరసొమ్ముతోనే.